ఇంగ్లీషులో ‘ర్’ ఎలా పోయింది, ఎక్కడ తిరిగొచ్చింది

న్యూజెర్సీలో పెరిగే తెలుగు పిల్లలు ‘కార్’ అన్నప్పుడు చివరి ర్ గట్టిగా వినిపిస్తుంది. లండన్ శివార్లలో పెరిగే వాళ్ల పెదనాన్న పిల్లలు అదే మాటని ‘కా’ అని దీర్ఘం తీసి వదిలేస్తారు. సెలవులకి అందరూ గుంటూరులో కలిస్తే, వీళ్లలో ఎవరిది అసలు ఇంగ్లీషు అని ఇంట్లో పెద్దవాళ్లకి అనుమానం రావడం సహజమే. లండన్‌దే అసలుది, అమెరికా వాళ్లు తర్వాత దాన్ని పాడుచేసుకున్నారని మనలో చాలామంది అనుకుంటారు. ఈ ఒక్క శబ్దం వరకూ చూస్తే జరిగింది సరిగ్గా అందుకు తలకిందులు. ర్ పలకడమే పాత అలవాటు. దాన్ని మానుకున్నది లండన్.

ఇంగ్లండ్ వాళ్లు ర్‌ని పూర్తిగా వదిలేశారని కాదు. రెడ్, రైస్, వెరీ లాంటి మాటల్లో, అంటే వెంటనే అచ్చు వచ్చే చోట, వాళ్లూ శుభ్రంగా పలుకుతారు. పేచీ అంతా హార్డ్, ఫోర్త్ లాగా తర్వాత హల్లు వచ్చినప్పుడు, లేదా కార్, ఫ్లోర్ లాగా ర్ దగ్గరే మాట ఆగిపోయినప్పుడు. ఇక్కడ కూడా ర్ పలికే యాసల్ని రోటిక్ అనీ, పలకనివాటిని నాన్‌రోటిక్ అనీ భాషాశాస్త్రవేత్తలు అంటారు.

రికార్డింగులు లేని కాలంలో జనం ఎలా పలికేవారో తెలుసుకోవడానికి, చదువు అంతంతమాత్రంగా ఉన్నవాళ్లు రాసిన ఉత్తరాలంత మంచి ఆధారం లేదు. స్పెల్లింగు రాని మనిషి తన చెవికి ఎలా వినిపిస్తే అలా రాసేస్తాడు. 15వ శతాబ్దం నుంచే ఇంగ్లండ్‌లో ఇలాంటి రాతల్లో కొన్నిచోట్ల ర్ మాయమవడం కనిపిస్తుంది, ముఖ్యంగా ‘స్’ ముందు. హార్స్ ‘హాస్’ అయింది, బర్స్ట్ ‘బస్ట్’ అయింది, కర్స్ ‘కస్’ అయింది. ఆ పాత పలుకుబడులు ఓడలెక్కి అమెరికా వెళ్లి, బస్ట్, కస్ అని విడి మాటలుగా అక్కడ ఇప్పటికీ బతికే ఉన్నాయి. అయితే అప్పటికి అది చెదురుమదురు వ్యవహారమే. నాటక రచయిత బెన్ జాన్సన్ చనిపోయాక 1640లో అచ్చయిన ఆయన వ్యాకరణంలో, ర్ మాట మొదట్లో గట్టిగానూ, మధ్యలో చివరలో పల్చగానూ పలుకుతుందని ఉంది. పల్చబడింది, కానీ ఉంది.

అసలు మలుపు 18వ శతాబ్దం రెండో సగంలో వచ్చింది. జాన్ వాకర్ అనే ఆయన ఒకప్పుడు రంగస్థల నటుడు, తర్వాత ఉచ్చారణ పాఠాలు చెప్పే గురువు. 1791లో ఆయన వేసిన ఉచ్చారణ నిఘంటువు దశాబ్దాల పాటు ఇళ్లలో, బళ్లలో ప్రమాణంగా చెలామణీ అయింది. లండన్‌లో బార్డ్, లార్డ్, కార్డ్ లాంటి మాటల్లో ర్ గొంతులోనే ఉండిపోతోందని, చివరికి సాగదీసిన ‘ఆ’ తప్ప ఏమీ మిగలడం లేదని, మాటలు ‘బాడ్’, ‘లాడ్’ అన్నట్టు వినిపిస్తున్నాయని అందులో రాశారు. దానికి ఆయన ఇచ్చిన సలహా రాజీ బేరంలా ఉంటుంది: మాట మొదట్లో ఉన్న ర్‌ని ఐర్లండ్ వాళ్లంత గట్టిగా పలకండి, చివరి ర్‌ని దాదాపు లండన్ వాళ్లలాగా మెత్తగా పలకండి. ఒక అలవాటు తప్పు కోవలోంచి ఒప్పు కోవలోకి జారిపోతున్న క్షణం ఇంత స్పష్టంగా కాగితం మీద దొరకడం అరుదు.

జారిపోవడం అంత సాఫీగా ఏమీ జరగలేదు. 1818లో విమర్శకుడు జాన్ గిబ్సన్ లాక్‌హార్ట్ కవి కీట్స్ మీద విరుచుకుపడ్డాడు. ‘కాక్నీ కవులు’ అని ఒక గుంపుకి పేరుపెట్టి, వాళ్లవి కాక్నీ ప్రాసలని ఎగతాళి చేశాడు. కాక్నీ అంటే లండన్ బస్తీ యాస. కీట్స్ చేసిన నేరాల్లో ఒకటి, ర్ ఉన్న మాటకి ర్ లేని మాటతో అంత్యప్రాస కట్టడం. ఆయన చెవికి ఆ రెండూ ఒకేలా వినిపించేవి కాబట్టి కట్టాడు, అంతే. కీట్స్ తండ్రి అద్దె గుర్రాలశాల నడిపేవాడు. విమర్శ ప్రాస మీద అయినా గురి కులాసా కుటుంబాల్లో పుట్టకుండానే కవిత్వం రాయడానికి వచ్చినవాడి మీద.

దాదాపు వందేళ్లలో బండి తిరగబడింది. 1917లో డేనియల్ జోన్స్ తన ఉచ్చారణ నిఘంటువు వేసినప్పుడు, దక్షిణ ఇంగ్లండ్‌లో బోర్డింగ్ స్కూళ్లలో చదివిన మగవాళ్లున్న కుటుంబాల ఉచ్చారణని ఆధారంగా తీసుకున్నారు. వాళ్లలో ఎవరూ కార్ చివర ర్ పలకరు. కీట్స్‌ని తిట్టించిన పలుకుబడే ఇప్పుడు దొరల పలుకుబడి. ఇది పైకి పాకడానికి బోర్డింగ్ స్కూళ్లే పెద్ద నిచ్చెన. దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లల్ని ఏళ్ల తరబడి ఒకచోట ఉంచితే, ఊరి యాస మీద తోటివాళ్లు చేసే వెక్కిరింత మాస్టారి బెత్తం కన్నా బాగా పనిచేస్తుంది. అక్కణ్ణుంచి సైన్యం, చర్చి, సివిల్ సర్వీసు, చివరికి రేడియో. 1922లో మొదలైన బీబీసీ 1926లో ఉచ్చారణ మీద సలహా సంఘం వేసింది. ఆస్థానకవి రాబర్ట్ బ్రిడ్జెస్ దానికి అధ్యక్షుడు, బెర్నార్డ్ షా ఒక సభ్యుడు. షా డబ్లిన్ మనిషి, ఐర్లండ్ యాస చివరిదాకా వదలనివాడు. ఇంగ్లండ్ జనానికి ఇంగ్లీషు పలకడం నేర్పే సంఘంలో ఆయన కూర్చోవడం ఆ రోజుల్లో కొందరికి మంచి కాలక్షేపమే అయి ఉంటుంది.

ర్ పోవడం వల్ల ఇంకో తమాషా పుట్టింది. ‘కా’ అని ఆపేసే మనిషి కూడా తర్వాతి మాట అచ్చుతో మొదలైతే పాత ర్‌ని బయటికి తీస్తాడు. ‘ఫార్ అవే’ అన్నప్పుడు ర్ వినిపిస్తుంది. అచ్చుల మధ్య ర్ రావడం ఇలా అలవాటయ్యాక, అసలు ర్ ఎన్నడూ లేని చోట కూడా అది దూరడం మొదలైంది. ‘లా అండ్ ఆర్డర్’ కాస్తా ‘లార్ అండ్ ఆర్డర్’ అవుతుంది. పేద + ఆలు కలిస్తే పేదరాలు అయినట్టే ఇది. మన వ్యాకరణం చదివినవాళ్లకి రుగాగమం కొత్తేమీ కాదు. తేడా ఏమిటంటే మన వ్యాకర్తలు దానికి సూత్రం రాసి మర్యాద ఇచ్చారు, ఇంగ్లండ్‌లో మాత్రం న్యూస్ రీడర్ నోట ఆ ర్ దొర్లితే ఇప్పటికీ కొందరికి ఒళ్లు మండుతుంది.

ఏ దేశం ర్ పలుకుతుంది, ఏది పలకదు అన్నది చాలావరకు ఓడ ఎప్పుడు బయల్దేరింది, ఎక్కడి జనాన్ని ఎక్కించుకుంది అన్నదాన్ని బట్టి తేలిపోయింది. అమెరికాకి వలసలు 1607 నుంచి మొదలయ్యాయి, అప్పటికి ఇంగ్లండ్‌లో ర్ పదిలం. తర్వాత లోపలి ప్రాంతాలకి పోయి స్థిరపడ్డవాళ్లలో ఉత్తర ఐర్లండ్ నుంచి వచ్చిన స్కాట్స్ సంతతి ఎక్కువ, వాళ్లదీ గట్టి ర్. ఆస్ట్రేలియాకి జనం వెళ్లడం 1788 తర్వాత, అందులోనూ ఆగ్నేయ ఇంగ్లండ్ పాలు పెద్దది. న్యూజిలాండ్ కథ ఇంకా పసందైనది. 1946-48లో అక్కడి రేడియో సంస్థ ఒక సంచార వాహనంలో ఊరూరా తిరిగి ముసలివాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేసింది. 1850ల నుంచి అక్కడ పుట్టిన తొలితరం గొంతులు అలా భద్రమయ్యాయి. తర్వాత పరిశోధకులు ఆ డిస్కులు విని చూస్తే, ఇవాళ నాన్‌రోటిక్ అని పేరుపడ్డ ఆ దేశంలో తొలితరంలో చాలామంది నోట ర్ అక్కడక్కడా వినిపించింది. అంటే 19వ శతాబ్దం నడుమ వాళ్ల తల్లిదండ్రులు ఇంగ్లండ్ విడిచేనాటికి కూడా అక్కడ ర్ పూర్తిగా చావలేదన్నమాట. స్కాట్లండ్ నుంచి జనం ఎక్కువగా దిగిన సౌత్‌లాండ్ ప్రాంతంలో ఆ ర్ ఇప్పటికీ ఉంది.

అమెరికాలో రేవు పట్టణాల దారి వేరు. బోస్టన్, న్యూయార్క్, చార్ల్‌స్టన్ పెద్దమనుషులకి లండన్‌తో వ్యాపారం, రాకపోకలు. లండన్ ఫ్యాషన్ బట్టల్లో దిగినట్టే మాటల్లోనూ దిగింది, ర్ రాలిపోయింది. ఫిలడెల్ఫియా మాత్రం ఈ గాలికి లొంగలేదు. 1933లో అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తూ, మనం భయపడాల్సింది భయానికే అని ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ అన్నప్పుడు ‘ఫియర్’ చివర ర్ లేదు. అప్పటికి న్యూయార్క్ పెద్ద కుటుంబాల ఒరవడి అదే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత గాలి మళ్లింది. బ్రిటన్ పెద్దరికం తగ్గింది. రేడియోలో, టీవీలో లోపలి రాష్ట్రాల యాస దేశమంతా వినిపించింది. న్యూయార్క్‌లో ర్ లేని మాట ఒక్కసారిగా వీధి మాట అయిపోయింది.

ఆ మార్పుని కళ్లకి కట్టినట్టు పట్టుకున్నది భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్, 2024లో కన్నుమూశారు. 1962 నవంబర్‌లో ఆయన న్యూయార్క్‌లో మూడు పెద్ద దుకాణాలు ఎంచుకున్నారు. సాక్స్ ఫిఫ్త్ అవెన్యూ డబ్బున్నవాళ్లది, మేసీస్ మధ్యతరగతిది, ఎస్. క్లైన్ చవక బేరాలది. నాలుగో అంతస్తులో ఏ సరుకు ఉందో ముందే చూసుకుని, కింద అంతస్తుల్లో సేల్స్ వాళ్ల దగ్గరికి మామూలు కొనుగోలుదారుడిలా వెళ్లి, ఆడవాళ్ల బూట్లు ఎక్కడండీ అని అడిగేవారు. ‘ఫోర్త్ ఫ్లోర్’ అని జవాబు వచ్చేది. వినపడనట్టు ముందుకి వంగి, ఏమన్నారు అనేవారు. అవతలివాళ్లు ఈసారి కాస్త విసుగ్గానో జాగ్రత్తగానో ‘ఫోర్త్ ఫ్లోర్’ అని మళ్లీ నొక్కి చెప్పేవారు. పక్కకి వెళ్లి గుట్టుగా రాసుకోవడం, ఇంకొకరి దగ్గరికి పోవడం. నాలుగో అంతస్తుకే చేరాక, ఇది ఎన్నో అంతస్తండీ అని అడగడం. ఒక్కో మనిషి దగ్గర నాలుగేసి చోట్ల ర్ పలుకుతారా లేదా అన్నది తేలిపోయేది. పరీక్ష జరుగుతోందని ఎవరికీ తెలియదు, కాబట్టి టెన్షన్ పడి మాట మార్చుకునే ప్రశ్నే లేదు. సుమారు ఆరున్నర గంటల్లో 264 మంది.

ర్ అన్నిసార్లూ లేదా కొన్నిసార్లయినా పలికినవాళ్లు సాక్స్‌లో 62 శాతం, మేసీస్‌లో 51, క్లైన్‌లో 20. దుకాణం మెట్టు దిగుతున్న కొద్దీ ర్ తగ్గుతూ వచ్చింది. ఇందులో గమ్మత్తు జీతాల దగ్గర ఉంది. యూనియన్ బలంగా ఉన్న మేసీస్‌లో కంటే సాక్స్‌లో జీతాలు ఎక్కువేమీ కావు. అంటే ఆ ర్ సేల్స్ వాళ్ల జేబులోంచి రాలేదు, ఎదురుగా నిలబడే కొనుగోలుదారుల దర్జాలోంచి అరువు తెచ్చుకున్నది. రెండోసారి నొక్కి చెప్పమన్నప్పుడు మేసీస్ వాళ్ల ‘ఫ్లోర్’లో ర్ సాక్స్ స్థాయికి దాదాపుగా చేరింది. ఏది గొప్పో వాళ్లకి తెలుసు, మామూలుగా వాడరంతే. తర్వాత నగరమంతా చేసిన పెద్ద సర్వేలో లబోవ్‌కి ఇంకో సంగతి కనిపించింది. మాటల పట్టిక ఇచ్చి జాగ్రత్తగా చదవమంటే, దిగువ మధ్యతరగతి వాళ్లు తమకన్నా పైమెట్టు వాళ్లని మించి ర్ పలికారు. మాట జారితే ఎక్కడ దొరికిపోతామోనన్న బెంగ ఎక్కువగా ఉండేది ఆ మెట్టు మీదే.

1986లో ఒకసారి, 2009 ప్రాంతంలో ఇంకోసారి ఇదే ప్రయోగం మళ్లీ చేశారు. వరస క్రమం మారలేదు, మొత్తం మీద ర్ వాటా పెరిగింది. దక్షిణ రాష్ట్రాల తెల్లవాళ్లలోనూ యుద్ధం తర్వాతి తరాల్లో ర్ బాగా తిరిగొచ్చింది. నల్లజాతీయుల ఇంగ్లీషులో మాత్రం అంతగా రాలేదు, రావాలని వాళ్లు అనుకోవాల్సిన అవసరమూ లేదు.

తరం మారితేనే యాస మారుతుంది, పెద్దయ్యాక నాలుక మళ్లదు అనే నమ్మకం ఒకటుంది. జొనాథన్ హారింగ్టన్ బృందం రాణి ఎలిజబెత్ ఏటేటా ఇచ్చిన క్రిస్మస్ ప్రసంగాలని కొలిచి 2000లో ఒక పరిశోధన ప్రచురించింది. 1950ల నాటి రాణి అచ్చులకీ 1980ల నాటి రాణి అచ్చులకీ తేడా ఉంది, ఆమె అచ్చులు దక్షిణ ఇంగ్లండ్‌లో తనకన్నా చిన్నవాళ్ల, మామూలు కుటుంబాల వాళ్ల అచ్చుల వైపు జరిగాయి. వాళ్లతో పూర్తిగా కలిసిపోలేదు గానీ, జరిగిన మాట నిజం. ఎవరినీ మెప్పించాల్సిన అవసరం లేని మనిషికే అలా జరిగిందంటే మిగతావాళ్ల సంగతి చెప్పేదేముంది.

ఇంగ్లండ్ లోపల ర్ మిగిలిన చోట్లు ఎండాకాలం చెరువుల్లా కుంచించుకుపోతున్నాయి. లీడ్స్ విశ్వవిద్యాలయం నుంచి హెరల్డ్ ఆర్టన్ నడిపిన సర్వే 1950 నుంచి 1961 దాకా 313 చోట్ల ఎక్కువగా ముసలి రైతులనే ఎంచుకుని ప్రశ్నలడిగింది. అప్పటికి నైరుతి జిల్లాల్లో, పశ్చిమాన వేల్స్ సరిహద్దు వెంబడి, లాంకషైర్‌లో ర్ దిట్టంగా ఉంది. 2016లో పరిశోధకులు మొబైల్ యాప్ ద్వారా 30,000 మందికి పైగా నుంచి జవాబులు సేకరిస్తే, ‘ఆర్మ్’ అనే మాటలో ర్ పలికే ప్రాంతం బాగా చిన్నదైపోయింది. నైరుతి మూల అది ఇంకా వినిపిస్తుంది గానీ, ‘పల్లెటూరి బైతు’ అనే ముద్రతో పాటే వినిపిస్తుంది. సినిమాల్లో సముద్రపు దొంగలు ‘ఆర్ర్ర్’ అని అరవడం కూడా ఈ ప్రాంతం చలవే. 1950లో ఒక హాలీవుడ్ సినిమాలో కుంటి దొంగగా వేసిన రాబర్ట్ న్యూటన్ డోర్సెట్‌లో పుట్టినవాడు, ఆయన నైరుతి యాసనే సాగదీసి వాడుకున్నాడు. లాంకషైర్‌లో బ్లాక్‌బర్న్ చుట్టుపక్కల ఒక చిన్న దీవిలా ర్ మిగిలింది, అక్కడి కుర్రకారు నోట అదీ పల్చబడుతోందని ఇటీవలి పరిశోధన చెబుతోంది.

ఈ అలవాట్లన్నీ వినడానికి పాత రికార్డులు కూడా ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీకి చిక్కిన బ్రిటిష్ సైనికుల చేత బెర్లిన్ పండితులు వాళ్ల వాళ్ల ఊరి యాసలో బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథ చదివించి రికార్డు చేశారు. ఖైదీలుగా ఉన్న భారతీయ సైనికుల గొంతులూ ఆ శిబిరాల్లో రికార్డయ్యాయి. గ్రియర్సన్ మన దేశంలో చేయించిన భాషా సర్వేలో తెలుగుతో సహా ప్రతి భాషకీ నమూనాగా తీసుకున్నది కూడా ఆ కథే.

ఇంతవరకూ చూసినదాన్ని బట్టి పైమెట్టు వాళ్లని చూసి కిందిమెట్టు వాళ్లు నేర్చుకుంటారని తేల్చేస్తే, గ్లాస్గో ఒప్పుకోదు. స్కాట్లండ్ అంటేనే గట్టి ర్. అలాంటి చోట కార్మిక కుటుంబాల యువకుల్లో కొన్ని దశాబ్దాలుగా చివరి ర్ వినిపించడం తగ్గుతోంది. వాళ్లు లండన్ దొరలని అనుకరిస్తున్నారని ఎవరైనా అంటే వాళ్లే నవ్వుతారు. అదే నగరంలో మధ్యతరగతి పిల్లల ర్ ఇంకా బలపడుతోంది. గడ్డం కింద అల్ట్రాసౌండ్ పెట్టి నాలుక కదలికని చిత్రీకరిస్తే అసలు సంగతి తెలిసింది. కార్మిక యువకులు ‘కార్’ అన్నప్పుడు నాలుక కొన ర్ కోసం పైకి లేస్తూనే ఉంది. కాకపోతే ఆలస్యంగా లేస్తోంది, అది లేచేసరికి గొంతు ఆగిపోతోంది. నోరు ర్ పలుకుతోంది, చెవికి అందడం లేదు. 18వ శతాబ్దపు లండన్‌లోనూ సరిగ్గా ఇలాగే మొదలైందని చెప్పలేం గానీ, వాకర్ విన్న ‘గొంతులోనే ఉండిపోయే ర్’ని ఊహించుకోవడానికి ఇంతకన్నా మంచి ఆధారం ఇప్పటికి లేదు.

మన దగ్గర ఇంగ్లీషు పాఠం నడిచింది బ్రిటిష్ వాళ్ల చేతుల మీదుగా, అందులోనూ ర్ లేని ఉచ్చారణే ప్రమాణంగా. హైదరాబాద్‌లో 1958లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్, తర్వాత సీఫెల్‌గా, ఇప్పుడు ఇఫ్లూగా తెలుగువాళ్లకి పరిచయమైన సంస్థ, ఉపాధ్యాయులకి నేర్పిందీ ఆ ప్రమాణమే. అయినా తరగతి దాటాక ఎవరూ ‘డాక్టా’ అనలేదు. మనకి ఇంగ్లీషు ఎక్కువమందికి చెవి ద్వారా కాదు, కంటి ద్వారా వచ్చింది. పుస్తకంలో ర్ ఉంది, కాబట్టి నోట్లోనూ ఉంది: కారు, డాక్టరు, కలెక్టరు, లాయరు. ఆ సంస్థలోనే పనిచేసిన ఆర్.కె. బన్సల్ 1969లో ప్రచురించిన పరిశోధనలో, భారతీయుల ఇంగ్లీషు బయటివాళ్లకి ఎక్కడ అర్థం కాదో కొలిచి చూశారు. పెద్ద చిక్కుల్లో ఒకటి మాటలో ఊనిక (స్ట్రెస్) తప్పు చోట పడటం. ర్ పలకడం వల్ల ఎవరికీ ఏమీ ఇబ్బంది రాదు, స్కాట్లండ్ వాళ్లూ పలుకుతారు కదా.

2000 తర్వాత హైదరాబాద్‌లో కాల్ సెంటర్లు వచ్చాక యాస శిక్షణ ఒక ఉద్యోగ అర్హత అయింది. అమెరికా కస్టమర్లయితే ర్ ఉండాలి, బ్రిటన్ కస్టమర్లయితే అంత పట్టించుకోనక్కర్లేదు. కాన్వెంట్‌లో ‘కా’ అని దిద్దించుకున్న పిల్లలు ఇరవై రెండేళ్లకి ‘కార్’ అని దిద్దించుకున్నారు. అయితే అక్కడ కోరేది ఇంట్లో అనే కారులోని ర్ కాదు. మనది నాలుక కొన పైన తగిలి తేలిపోయే ర్, అమెరికా వాళ్లది నాలుక ఎక్కడా తగలకుండా నోట్లో చుట్టుకునే ర్. ముందు మాన్పించింది ఒకటి, తర్వాత నేర్పించింది ఇంకొకటి. షిఫ్టు అయ్యాక క్యాబ్ డ్రైవర్‌తో మాట్లాడేటప్పుడు వాళ్లందరి నోటా మొదటిదే వినిపిస్తుంది.